యూరప్‌లో ఉండనిచ్చే కాగితం: దూరం నుంచి పని చేసే పిల్లలకు, వారికి సాయం చేసే పెద్దలకు ఒక పాఠం



ప్రతి ఏటా ఈ సంచికలో మేము స్కాలర్‌షిప్పుల గురించో, పదో తరగతి ఫలితాల గురించో రాస్తూ వచ్చాం. ఈసారి వేరే పాఠం ఎత్తుకోవలసి వచ్చింది. గత ఏడాది విద్యా కమిటీ ముందుకు వచ్చిన దరఖాస్తుల్లో కొన్ని మాకు కొత్తవి. వాళ్లు అడిగింది ఫీజు కాదు, పుస్తకాలూ కాదు. "అబ్బాయి ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద బయటి దేశాల వాళ్లకు పని చేస్తున్నాడు. అదే పని యూరప్ వెళ్లి చేసుకుంటే అక్కడే ఉండిపోవచ్చట. వీసాకు డబ్బు కావాలి" అన్నది వాటి సారాంశం.

ఒక తండ్రి సంగతి చెబుతాం. ఆయన దర్జీ. కొడుకు మా దగ్గరే పదో తరగతి దాకా చదివాడు. ఇప్పుడు వీడియో ఎడిటింగ్ చేసి నెలకు 40 నుంచి 45 వేలు సంపాదిస్తున్నాడు. ఒక ఏజెంటు నాలుగున్నర లక్షలు అడిగాడు. "మూడు నెలల టూరిస్టు వీసా మీద జర్మనీ పంపిస్తాం, అక్కడ ఫ్రీలాన్స్ కార్డు చేయిస్తాం" అన్నాడు. అడ్వాన్సు 50 వేలు ఇచ్చేశారు. మిగతా దానికి ఇంటి దస్తావేజు తాకట్టు పెట్టి వడ్డీకి తేవాలని, కొంత సంఘం ఇవ్వాలని వారి ఆలోచన. మేము ఒక ఆదివారం ఆ తండ్రీకొడుకులతో కూర్చుని లెక్క వేసి, ఇవ్వలేమని చెప్పాం. ఆయన లేచి నిలబడి, "సార్, మీరే వాడికి చదువు చెప్పారు. ఇప్పుడు ముందుకు పోతానంటే మీరే ఆపుతున్నారు" అన్నారు.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వెంటాడింది. మేము ఆపింది పిల్లవాడినా, లేక తప్పు దారినా? ఈ ప్రశ్నకు మా దాతలకు కూడా జవాబు చెప్పాలి కదా. ఆ జవాబే ఈ పాఠం.

గల్ఫ్ లెక్క వేరు, ఈ లెక్క వేరు

మన ఇళ్లలో విదేశం అంటే ముందు గుర్తుకొచ్చేది గల్ఫ్. అక్కడ కఫీల్ ఉంటాడు, లేదా కంపెనీ ఉంటుంది. వీసా వాళ్లు తీస్తారు, ఇఖామా వాళ్ల పేరుతో ముడిపడి ఉంటుంది. వెళ్లేవాడి చేతిలో డబ్బు లేకపోయినా, అక్కడ పని ఉంటే చాలు. వెళ్లాక సంపాదించి ఇంటికి పంపుతాడు.

దూరం నుంచి పని చేసేవారికి యూరప్ దేశాలు ఇచ్చే నివాస అనుమతి సరిగ్గా దీనికి తలకిందులు. అక్కడ మనకు పని ఇచ్చేవాడు ఎవరూ ఉండరు. "నీకు ఇప్పటికే పని ఉంది, ఇప్పటికే ఇంత ఆదాయం వస్తోంది, మా ప్రభుత్వం మీద భారం పడవు" అని కాగితాల మీద రుజువు చూసుకుని మాత్రమే ఉండనిస్తారు. అంటే ఇది సంపాదించడానికి వెళ్లే దారి కాదు. సంపాదిస్తున్నవాడు ఇల్లు మార్చుకునే దారి. ఈ ఒక్క తేడా మనసుకు పడితే మిగిలిన పాఠం తేలిక.

'యూరప్ వీసా' అనేది ఒకటి లేదు

షెంగెన్ అనే ఏర్పాటులో ఇప్పుడు 29 దేశాలు ఉన్నాయి. ఒక షెంగెన్ వీసా మీద ఆ దేశాలన్నీ చూసి రావచ్చు. కానీ అది కొద్దికాలపు వీసా. ఏ 180 రోజుల కాలం తీసుకున్నా అందులో 90 రోజులకు మించి ఉండకూడదు. దేశం మారినా రోజుల లెక్క మొదటికి రాదు. 29 దేశాలకూ కలిపి ఒకటే లెక్క. దీని రుసుము పెద్దవారికి 2024 జూన్ నుంచి 90 యూరోలు. వీసా తిరస్కరిస్తే ఆ డబ్బు వెనక్కి రాదు. ఇది నివాస అనుమతి కాదు, అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి అంతకన్నా కాదు.

90 రోజులు దాటి ఉండాలంటే ఒక్కో దేశానికి ఒక్కో చట్టం. స్పెయిన్ ఇచ్చిన అనుమతి స్పెయిన్‌లో నివసించడానికే. దానితో ఫ్రాన్స్‌నో, జర్మనీనో చూసి రావచ్చు గాని కాపురం పెట్టకూడదు. కాబట్టి ఎవరైనా "యూరప్ పర్మిట్ ఇప్పిస్తాం" అంటే మనం అడగవలసిన మొదటి ప్రశ్న: ఏ దేశం? రెండో ప్రశ్న: ఆ దేశంలో ఏ చట్టం కింద? ఈ రెండింటికీ సూటిగా జవాబు రాకపోతే అక్కడి నుంచి లేచి రావడం మేలు.

కొన్ని దేశాల నిబంధనలు

ముందుగా స్పెయిన్. 2022 డిసెంబరులో చేసిన 28/2022 చట్టం దూరం నుంచి పని చేసే విదేశీయులకు దారి తెరిచింది. డిగ్రీ గాని, ఆ పనిలో 3 ఏళ్ల అనుభవం గాని ఉండాలి. పని ఇచ్చే కంపెనీ కనీసం ఏడాదిగా నడుస్తూ ఉండాలి. దానితో మన సంబంధం కనీసం 3 నెలలది కావాలి. ఫ్రీలాన్సర్ అయితే స్పెయిన్ కంపెనీలకు చేసే పని తన మొత్తం పనిలో 20 శాతం దాటకూడదు. ఆదాయం ఆ దేశపు కనీస వేతనానికి రెట్టింపు ఉండాలి. 2025 లెక్క ప్రకారం అది నెలకు సుమారు 2,760 యూరోలు. రాయబార కార్యాలయం నుంచి తీసుకునే వీసా ఏడాది వరకు, ఆ తర్వాత దేశంలో ఇచ్చే అనుమతి 3 ఏళ్ల వరకు ఉంటుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క. భార్యనో భర్తనో కూడా తీసుకెళ్తే కనీస వేతనంలో మరో 75 శాతం, ఆపై ఒక్కొక్కరికీ 25 శాతం అదనంగా చూపాలి. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నవాడికి 200, 75, 25, 25 కలిపి 325 శాతం. అంటే నెలకు సుమారు 4,490 యూరోలు. లెక్క తేలికగా ఉండటానికి యూరోను 100 రూపాయలు అనుకుంటే నాలుగున్నర లక్షల రూపాయలకు కొంచెం తక్కువ. ఏడాదికి కాదు, నెలకు.

రెండోది పోర్చుగల్. 2022 అక్టోబరు చివరి నుంచి డి8 అనే వీసా ఇస్తున్నారు. ఆ దేశపు కనీస వేతనానికి నాలుగు రెట్ల ఆదాయం కావాలి. 2025లో కనీస వేతనం 870 యూరోలు కనుక నెలకు 3,480 యూరోలు. ఇందులో రెండు రకాలు ఉన్నాయి. ఏడాది వరకు ఉండి వచ్చేసేది ఒకటి. రెండోది నివాసానికి ఇచ్చేది. ఆ వీసా 4 నెలలే చెల్లుతుంది. ఈ లోపు వెళ్లి, ఐమా అనే అక్కడి వలస శాఖ ముందు హాజరై నివాస కార్డు తీసుకోవాలి.

మూడోది గ్రీస్. 2021లో చట్టం చేశారు. పన్నులు పోను నెలకు 3,500 యూరోలు చూపాలి. జీవిత భాగస్వామికి మరో 20 శాతం, ఒక్కో బిడ్డకు 15 శాతం. గ్రీస్‌లోని యజమానికి పని చేయకూడదు.

నాలుగోది, మన దర్జీ భాయ్‌కి ఏజెంటు చెప్పిన జర్మనీ. అక్కడ 'డిజిటల్ నోమాడ్' పేరుతో ప్రత్యేక వీసా ఏదీ లేదు. ఉన్నది నివాస చట్టంలోని 21వ సెక్షన్. దానిలో స్వేచ్ఛా వృత్తులని ఒక వర్గం ఉంది. అనువాదకులు, విలేకరులు, ఇంజనీర్లు, వాస్తుశిల్పులు, ఉపాధ్యాయులు, కళాకారులు వంటివారు ఈ కోవలోకి వస్తారు. వర్తకం, వ్యాపారం చేసేవారిది వేరే కోవ. ఆ వ్యాపారం వల్ల ఆ దేశానికో, ఆ ప్రాంతానికో మేలు ఉందని, పెట్టుబడి సిద్ధంగా ఉందని వారు చూపాలి. స్వేచ్ఛా వృత్తికి చట్టంలో ఫలానా మొత్తం అని అంకె లేదు గాని, బతుకుతెరువు ఖాయమని నమ్మించాలి. అందుకు అక్కడి కంపెనీలు "ఈయనకు పని ఇస్తాం" అని రాసిచ్చిన లేఖలు పనికొస్తాయి. 45 ఏళ్లు దాటినవారు ముసలితనానికి తగిన ఏర్పాటు ఉందని కూడా చూపాలి. ఆరోగ్య బీమా తప్పనిసరి. అనుమతి 3 ఏళ్ల వరకు ఇవ్వవచ్చు.

హంగరీలో వైట్ కార్డు అనేది ఉంది. ఏడాదికి ఇస్తారు, మరో ఏడాది పొడిగిస్తారు, అంతే. పైగా ఆ కార్డు మీద భార్యాపిల్లలను పిలిపించుకునే వీలు లేదు. పెళ్లైనవారికి ఈ సంగతి ముందే తెలియాలి.

ఇక ఎస్టోనియా. 2014 డిసెంబరు నుంచి ఆ దేశం 'ఈ-రెసిడెన్సీ' అనే డిజిటల్ కార్డు ఇస్తోంది. పేరులో రెసిడెన్సీ ఉంది కాబట్టి నివాసమే అనుకుని మోసపోయేవారున్నారు. అది ఇంటర్నెట్‌లో కంపెనీ నడుపుకోవడానికి ఇచ్చే గుర్తింపు మాత్రమే. దానితో ఆ దేశంలో కాలు పెట్టే హక్కు కూడా రాదు. దూరం నుంచి పని చేసేవారికి 2020 ఆగస్టు నుంచి ఇస్తున్న ఏడాది వీసా వేరు, ఇది వేరు.

ఇప్పుడు ఆ అబ్బాయి లెక్కకు వద్దాం. నెలకు 45 వేల రూపాయలు అంటే సుమారు 450 యూరోలు. 2025 లెక్కలో ఒక్కడికే స్పెయిన్ అడిగింది 2,760. అంటే ఆరు రెట్లు. ఈ తేడాను ఏ ఏజెంటూ పూడ్చలేడు. పూడుస్తానంటే అది దొంగ కాగితంతోనే. దొంగ కాగితం దొరికితే ఆ వీసా ఒక్కటే పోదు, రేపు నిజమైన కాగితాలతో వెళ్లినా నమ్మరు.

ఎవరి కోసం చెప్పిన పాఠం అది?

"సార్, వీడియోలో చూశాను. ముందు టూరిస్టుగా వెళ్లి అక్కడే దరఖాస్తు పెట్టుకోవచ్చట" అన్నాడు అబ్బాయి. అతను అబద్ధం చెప్పలేదు. ఆ వీడియో చేసినవాడూ అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. కానీ చేసినవాడు అమెరికన్. అమెరికా, కెనడా, జపాన్, ఆస్ట్రేలియా వంటి కొన్ని దేశాల పౌరులు వీసా లేకుండా జర్మనీ వెళ్లి, అక్కడే నివాస అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు ఆ ఉద్దేశానికి తగిన జాతీయ వీసా ఇక్కడే తీసుకుని వెళ్లాలి. నెదర్లాండ్స్‌లో తక్కువ పెట్టుబడితో స్వయం ఉపాధి అనుమతి దొరుకుతుందని చెప్పే వీడియోలూ ఇలాంటివే. అది అమెరికాతో ఉన్న ఒక స్నేహ ఒప్పందం వల్ల వచ్చిన వెసులుబాటు. మనకు వర్తించదు.

ఒకరి ప్రశ్నపత్రానికి రాసిన జవాబు ఇంకొకరి ప్రశ్నపత్రానికి మార్కులు తేదు. తేదీ కూడా చూసుకోవాలి. పోర్చుగల్‌కు డి7 మీద వెళ్లమని చెప్పే పాత సలహాలు ఇంకా తిరుగుతున్నాయి. డి7 పింఛను, అద్దెల వంటి రాబడి మీద బతికేవారిది. పని చేసి సంపాదించేవారికి డి8 వచ్చింది. కొత్తగా వచ్చేవారికి ఆ దేశం ఇచ్చిన పాత పన్ను రాయితీ పథకాన్ని కూడా 2024 నుంచి మూసేశారు. అందుకే ఆఖరి మాట ఎప్పుడూ ఆ దేశపు రాయబార కార్యాలయం వెబ్‌సైటుదే. మేము ఇక్కడ ఇచ్చిన అంకెలను కూడా దరఖాస్తు రోజున మళ్లీ సరిచూసుకోవాలి. కనీస వేతనం మారినప్పుడల్లా అవీ మారతాయి.

కాగితాలు: ఇక్కడ మా తప్పు కూడా ఉంది

మా పూర్వ విద్యార్థిని ఒకామె సాఫ్ట్‌వేర్ కంపెనీలో మంచి జీతంతో పని చేస్తోంది. ఆదాయం సరిపోతుంది. భర్తతో కలిసి స్పెయిన్ వెళ్లాలనుకుంది. ఆగిపోయింది ఎక్కడంటే, పేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు 'ఎస్‌కె', డిగ్రీలో 'షేక్', పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు ఇంగ్లిషులో ఇంకో స్పెల్లింగు. భర్త కాగితాల్లో ఒకచోట 'ఎండి', ఒకచోట 'మహమ్మద్'. మనకు ఇవన్నీ ఒకటే. మాడ్రిడ్‌లోని గుమస్తాకు ఐదుగురు వేర్వేరు మనుషులు.

ఆ 'ఎస్‌కె' రాసింది ఎవరు? ఆమె అడ్మిషన్ రోజున రిజిస్టరు మా చేతిలోనే ఉంది. వరుసలో ముప్పైమంది పిల్లలు, గడి చిన్నది, రెండక్షరాలతో సరిపెట్టేశాం. ఆ రెండక్షరాలు సరిచేయించుకోవడానికి ఆమెకు అఫిడవిట్లు, గెజిట్ ప్రకటన, ఎనిమిది నెలలు పట్టింది. ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న మాకు ఇది పాఠం నేర్పింది. ఇప్పుడు మా బడిలో పేరును ఆధార్‌తో, తల్లిదండ్రుల కాగితాలతో సరిచూసి పూర్తిగా రాస్తున్నాం.

పెళ్లి కాగితం మరో చిక్కు. ఖాజీ గారు ఇచ్చిన నిఖానామా మనకు చాలు. కానీ భార్యను, భర్తను కుటుంబ సభ్యులుగా చూపాలంటే ప్రభుత్వ వివాహ నమోదు పత్రం అడుగుతారు. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ వివాహాల తప్పనిసరి నమోదు చట్టం అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. పెళ్లైన నెలలోనే ఆ పని చేయించుకుంటే పదేళ్ల తర్వాత సాక్షుల కోసం వెతుక్కునే పని ఉండదు.

మిగిలిన కాగితాల వరుస ఇదీ. పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్ పాస్‌పోర్ట్ సేవా ద్వారా వస్తుంది. డిగ్రీని, వివాహ పత్రాన్ని ముందు రాష్ట్ర ప్రభుత్వ శాఖ ధ్రువీకరించాలి, తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర వేయాలి. అపోస్టిల్ ఒప్పందంలో భారత్ 2005 నుంచి ఉంది, కనుక అందులోని చాలా దేశాలకు వేరే ధ్రువీకరణ అక్కర్లేదు. ఆపై ఆ దేశం గుర్తించిన అనువాదకుడి చేత అనువాదం చేయించాలి. ఉద్యోగి అయితే "ఈమె విదేశంలో ఉండి మా పని చేయడానికి అభ్యంతరం లేదు" అని కంపెనీ రాసివ్వాలి. ఈ ఉత్తరం దొరకడమే చాలామందికి కష్టం. ఎందుకంటే ఉద్యోగి ఉన్న దేశంలో పన్ను, సామాజిక భద్రత బాధ్యతలు కంపెనీకి చుట్టుకుంటాయి. అందుకే అన్నిటికన్నా ముందు అడగవలసింది ఇదే.

ఫ్రీలాన్సర్ అయితే ఒప్పంద పత్రాలు, బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు కావాలి. మన పిల్లల్లో చాలామంది ఇక్కడే తప్పుతున్నారు. ఒకరి ఖాతాలో కొంత, అన్న ఖాతాలో కొంత డబ్బు వేయించుకుంటారు. ఒప్పందం వాట్సాప్‌లో రెండు ముక్కలు. రిటర్ను వేయలేదు. రేయింబవళ్లు కష్టపడి సంపాదించింది నిజమే, కానీ చూపించడానికి ఏమీ ఉండదు.

పన్ను సంగతి

ఒక దేశంలో ఏడాదిలో సగానికి మించి ఉంటే సాధారణంగా ఆ దేశపు పన్ను మన మీద పడుతుంది. స్పెయిన్‌లో ఆ గీత 183 రోజులు. జర్మనీ, స్పెయిన్, పోర్చుగల్‌లతో మన దేశానికి ఒకే ఆదాయం మీద రెండుసార్లు పన్ను పడకుండా ఒప్పందాలు ఉన్నాయి. అయితే ఆ మేలు లెక్కలు చూపి, రిటర్ను వేసినవాడికే. ఇంటద్దె, ఆరోగ్య బీమా, సామాజిక భద్రత చందా కూడా యూరోల్లోనే. రూపాయల్లో సంపాదించి యూరోల్లో ఖర్చు పెట్టేవాడు వెళ్లే ముందు ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోవాలి. నెలాఖరుకు ఏమీ మిగలకపోతే, ఇంటికి పంపేది ఏమీ ఉండదని అమ్మానాన్నలకు ముందే చెప్పడం న్యాయం.

దాతలకు మా విన్నపం

దాతలు ఇచ్చిన ప్రతి రూపాయి మా దగ్గర అమానత్. దాన్ని విదేశీ వీసా ఏజెంట్ల ఫీజుకు ఇవ్వకూడదని కమిటీ తీర్మానించింది. విదేశంలో ఉద్యోగం ఇప్పిస్తామనే ఏజెంటు 1983 వలస చట్టం కింద నమోదై ఉండాలి. ఆ పేరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. అతను తీసుకోదగ్గ సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఇక దూరం నుంచి పని చేసేవారి అనుమతిలో అసలు ఇప్పించడానికి ఉద్యోగమే లేదు. మరి లక్షలు దేనికి?

దానికి బదులు మూడు పనులకు మీ సాయం కోరుతున్నాం. మొదటిది, నెలకు రెండు ఆదివారాలు సంఘం కార్యాలయంలో కాగితాల బల్ల. పేర్ల సవరణ, వివాహ నమోదు, అపోస్టిల్ దరఖాస్తులు అక్కడ రాసిపెడతాం. రుసుము కట్టలేనివారికి సంఘం కడుతుంది. రెండోది, ఇంట్లో కూర్చుని విదేశాలకు పని చేసే పిల్లలకు మొదటి రెండేళ్లు ఐటీ రిటర్ను వేయించడం, ఒప్పందం, బిల్లు రాయడం నేర్పడం. దాతల్లో ఉన్న ఆడిటర్లు నెలకు ఒక పూట ఇస్తే చాలు. మూడోది, ఆదాయం పెరిగే దారి: మంచి కంప్యూటరు, పనికొచ్చే ఇంగ్లిషు, వెళ్లాలనుకున్న దేశపు భాష. యూరప్ వెళ్లినా, వెళ్లకపోయినా ఇవి వృథా పోవు.

ఆ దర్జీ భాయ్ అడ్వాన్సు 50 వేలు తిరిగి రాలేదు. ఏజెంటు ఫోను ఎత్తడం మానేశాడు. కానీ ఇంటి దస్తావేజు తాకట్టుకు వెళ్లలేదు, ఇంట్లోనే పెట్టెలో ఉంది. అబ్బాయి మొన్న జూలైలో మొదటిసారి ఐటీ రిటర్ను వేశాడు. పని ఇచ్చేవాళ్లను ఇద్దరి నుంచి ఐదుగురికి పెంచుకున్నాడు, ప్రతి ఒక్కరితో ఒప్పందం రాయించుకుంటున్నాడు. ఆదాయం ఇంకా ఆ గీతకు చాలా దూరంలోనే ఉంది. ఆ సంగతి అతనికీ తెలుసు, తండ్రికీ తెలుసు.

ఈద్ రోజున ఆ తండ్రి మాకు షీర్ ఖుర్మా పంపించారు. డబ్బా తెచ్చింది ఆ అబ్బాయే. కూర్చోమంటే కూర్చుని, సంచిలోంచి ఒక కాగితం తీశాడు. "సార్, పాస్‌పోర్టులో నా పేరు, మెమోలో పేరు ఒకేలా ఉన్నాయా, ఒకసారి చూడండి" అన్నాడు. కళ్లద్దాలు తెచ్చుకుని అక్షరం అక్షరం సరిచూశాం. ఒకేలా ఉన్నాయి.